దలైలామా పీఠం: రాజ్యాధికారం నుంచి హక్కుల వాదన దాకా

పద్నాలుగవ దలైలామా టెన్జిన్ గ్యాత్సో పేరు వినగానే శాంతి, అహింస, కరుణ అనే మాటలు మనసులో మెదులుతాయి గాని, ఆయన అధిష్ఠించిన పీఠం మూడు శతాబ్దాలకు పైగా ఒక రాజ్యానికి సింహాసనం కూడానన్న సంగతి అంతగా గుర్తుకు రాదు. మానవ హక్కుల చరిత్రలో ఆయన స్థానాన్ని అంచనా వేయదలచిన వారు ప్రసంగాలనూ పురస్కారాలనూ లెక్కించడం కంటే, ఆ పీఠం చేతిలోకి రాజ్యాధికారం ఎలా వచ్చి చేరిందో, ఆయన కాలంలో అది అంచెలంచెలుగా ప్రజల చేతికి ఎలా మారిందో పరిశీలించడం మేలు. పౌరుల హక్కులంటే చివరికి పాలకుడి అధికారానికి గీసే హద్దులే కాబట్టి, తన ప్రజలు వద్దని వేడుకుంటున్నా తన చుట్టూ ఆ హద్దులు తానే గీసుకున్న పాలకుడిగా ఆయన చేసిన పని, ఆయన మాటల కంటే ఎక్కువ పరిశీలనకు అర్హమైనది.

గతించిన గురువు మళ్లీ శిశువుగా జన్మిస్తాడనీ, ఆ శిశువును వెదికి గుర్తించి, చదువు చెప్పి, అదే పీఠంపై నిలపవచ్చుననీ నమ్మే ఆచారం టిబెట్ బౌద్ధంలో 13వ శతాబ్దం నాటికి కర్మపా లామాల పరంపరలో స్థిరపడి, తరువాత ఇతర శాఖలకు వ్యాపించింది. అలా గుర్తింపు పొందిన వారిని ‘తుల్కు’ అంటారు. సొంగ్‌ఖాపా (1357–1419) బోధనలపై ఏర్పడిన గెలుగ్ శాఖ ఆ ఆచారాన్ని స్వీకరించాక, ఆ శాఖ పెద్దల్లో ఒకరైన సోనమ్ గ్యాత్సోకు మంగోల్ ప్రభువు అల్తాన్ ఖాన్ 1578లో ‘దలైలామా’ అనే బిరుదు ఇవ్వగా, ఆయనకు ముందున్న ఇద్దరినీ అదే పరంపరలో చేర్చి ఆయనను మూడవవాడిగా లెక్కించారు. ఇదంతా మతగౌరవమే గాని రాజ్యం కాదు. 1642లో ఖోషుత్ మంగోలుల నాయకుడు గుశ్రీ ఖాన్ తన ప్రత్యర్థులను ఓడించి, మధ్య టిబెట్ అధికారాన్ని అయిదవ దలైలామా లోబ్‌సాంగ్ గ్యాత్సోకు అప్పగించినప్పుడు మాత్రమే పీఠానికి ఖడ్గబలం తోడైంది. అహింసను ప్రబోధించే పీఠానికి రాజ్యం దక్కింది యుద్ధంలో గెలిచిన సేనాని చేతుల మీదుగానన్నది దాచవలసిన విషయం కాదు. ఆ ప్రభుత్వానికి ‘గాండెన్ ఫొడ్రాంగ్’ అనే పేరు, లాసా దగ్గరి డ్రెపుంగ్ విహారంలో దలైలామాలు నివసించిన భవనం పేరు నుంచి వచ్చింది. 1416లో స్థాపితమైన ఆ డ్రెపుంగ్‌కు మన కృష్ణాతీరంలోని ధాన్యకటకం పేరునే టిబెటన్ భాషలోకి మార్చి పెట్టుకున్నారు.

పీఠంపై శిశువును నిలిపే పద్ధతిలో రాజ్యపాలనకు ఒక పెద్ద చిక్కు ఉంది. పాత దలైలామా మరణించినప్పటి నుంచి కొత్త దలైలామాకు యుక్తవయస్సు వచ్చేదాకా, అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు, రాజప్రతినిధి పేరుతో మరో లామా పరిపాలించేవాడు. తొమ్మిదవ దలైలామా మొదలుకొని పన్నెండవ దలైలామా వరకు నలుగురూ చిన్న వయస్సులోనే మరణించడంతో 19వ శతాబ్దమంతా దాదాపుగా రాజప్రతినిధుల పాలనలోనే గడిచింది. ఆ కాలపు సామాన్యులలో చాలామంది ప్రభుత్వానికో, విహారానికో, కులీన కుటుంబానికో చెందిన భూములకు కట్టుబడి, పన్నును ధాన్యంగానూ వెట్టిచాకిరీగానూ చెల్లించేవారు; తండ్రి చేసిన అప్పు కొడుకు తలపై, మనుమడి తలపై పడేది. చైనా ప్రభుత్వం ఈ వ్యవస్థనే చూపి తన సైనిక ప్రవేశాన్ని విముక్తిగా వర్ణిస్తుంది, ప్రవాస టిబెటన్ల రచనలు కొన్ని ఆ వ్యవస్థను ఎంతో సాత్వికమైనదిగా చూపుతాయి. పాత సమాజంలో అన్యాయం ఉందని ఒప్పుకోవడానికీ, ఆ అన్యాయాన్ని సరిదిద్దే హక్కు పొరుగు దేశపు సైన్యానికి ఉందని ఒప్పుకోవడానికీ మధ్య చాలా దూరం ఉన్నదని గ్రహిస్తే, ఈ రెండు వాదాలలో దేనికీ లొంగనవసరం లేదు.

పదమూడవ దలైలామా థుబ్టెన్ గ్యాత్సో (1876–1933) ఆ చిక్కును కొంతవరకు గుర్తించిన పాలకుడు. 1904లో బ్రిటిష్ దండయాత్ర సమయంలో మంగోలియాకు, 1910లో చైనా చింగ్ వంశపు సైన్యం లాసాకు వచ్చినప్పుడు డార్జిలింగ్‌కు తరలిపోయిన ఆయన, బయటి ప్రపంచాన్ని చూసి తిరిగివచ్చి 1913లో చేసిన ప్రకటనలో టిబెట్ స్వతంత్ర ప్రతిపత్తిని చాటడంతో పాటు అవయవాలను నరికే శిక్షలను నిషేధించాడు. కానీ ఒక పాలకుడి దయ మీద నిలిచిన సంస్కరణ ఆ పాలకుడితోనే పోతుందని ఆయన మరణించిన మరుసటి ఏడాదిలోనే తేలింది: ఆయనకు ఆంతరంగికుడై, ప్రభుత్వ మార్పులు కోరిన లుంగ్‌షార్ అనే అధికారికి 1934లో లాసా ప్రభుత్వం కళ్లు పెరికించే శిక్ష విధించింది.

ఇటువంటి వారసత్వంలోకి 1935 జూలై 6న ఆమ్డో ప్రాంతంలోని తక్‌త్సేర్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన లామో థొండుప్ ప్రవేశించాడు. ఆ ప్రాంతం అప్పుడు లాసా ఏలుబడిలో గాక మా బుఫాంగ్ అనే ముస్లిం సేనాని చేతిలో ఉండడం వల్ల, రెండేళ్ల వయస్సులో గుర్తించిన బాలుణ్ణి లాసాకు తీసుకుపోవడానికి అతనికి పెద్ద మొత్తంలో సొమ్ము చెల్లించవలసి వచ్చింది. 1940 ఫిబ్రవరిలో పీఠంపై కూర్చున్న ఆ బాలుడికి, 1950 అక్టోబరులో చైనా సైన్యం ఛామ్‌డోను పట్టుకున్న వెంటనే, నవంబరు 17న పూర్తి రాజ్యాధికారం అప్పగించారు. అప్పటికి ఆయన వయస్సు 15 ఏళ్లు. 1951 మే 23న బీజింగ్‌లో కుదిరిన పదిహేడు అంశాల ఒప్పందం టిబెట్‌ను చైనాలో భాగంగా పేర్కొంటూనే పీఠం స్థాయినీ పాత పరిపాలననూ మార్చబోమని హామీ ఇచ్చింది. ఆ కొద్దికాలపు వెసులుబాటులో యువ దలైలామా సంస్కరణల సంఘాన్ని ఏర్పాటు చేసి, తరతరాలుగా సంక్రమించే అప్పుల భారాన్ని తొలగించే ప్రయత్నం ఆరంభించాడు. 1954లో బీజింగ్ వెళ్లి మావోతో మాట్లాడి సామ్యవాదంలోని సమానత్వ భావన పట్ల ఆకర్షితుడైన సంగతిని ఆయన తరువాతి కాలంలో కూడా దాచలేదు. అయితే తూర్పున ఖామ్, ఆమ్డో ప్రాంతాల్లో భూసంస్కరణల పేరిట విహారాలపై జరిగిన దాడులు, వాటికి ప్రతిగా చెలరేగిన తిరుగుబాట్లు 1956 నుంచి శరణార్థులను లాసాకు తరుముతూ వచ్చాయి.

1959 మార్చి 10న దలైలామాను చైనా సైనికాధికారులు నిర్బంధిస్తారనే అనుమానంతో వేలాది ప్రజలు నార్బులింగ్కా వేసవి భవనాన్ని చుట్టుముట్టారు. 17వ తేదీ రాత్రి ఆయన మారువేషంలో బయలుదేరి, 31న నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ సరిహద్దు దాటి భారతదేశంలో అడుగుపెట్టాడు. ఆశ్రయం ఇస్తున్నట్లు నెహ్రూ ఏప్రిల్ 3న పార్లమెంటులో ప్రకటించాడు. హక్కుల పరిభాష టిబెట్ సమస్యలోకి ప్రవేశించింది సరిగ్గా ఇక్కడే, అదీ ధర్మబోధ నుంచి గాక అంతర్జాతీయ రాజకీయాల ఇరుకుదనం నుంచి. టిబెట్‌ను స్వతంత్ర దేశంగా గుర్తించడానికి పెద్ద రాజ్యాలేవీ సిద్ధంగా లేవు. భారతదేశమైతే 1954 పంచశీల ఒప్పందంలోనే దానిని చైనాలోని టిబెట్ ప్రాంతంగా పేర్కొంది. సార్వభౌమత్వం అనే తలుపు అలా మూసుకుపోగా, 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన అనే తలుపు తెరిచి ఉంది. మలయా, ఐర్లండ్ ప్రతిపాదించిన తీర్మానాన్ని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1959 అక్టోబరులో 45–9 ఓట్లతో ఆమోదించినప్పుడు, అందులో టిబెటన్ల మౌలిక హక్కులను, వారి విశిష్టమైన సాంస్కృతిక, మత జీవనాన్ని గౌరవించాలన్న మాట ఉంది గాని ఆక్రమణ అన్న మాట గాని, చైనా పేరు గాని లేవు. ఓటింగ్‌కు దూరంగా ఉన్న 26 దేశాలలో భారతదేశం ఒకటి. స్వయం నిర్ణయాధికారం అనే మాట 1961 తీర్మానంలో చేరింది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది 1965లో, అంటే తాను చైనాతో యుద్ధం చేశాక మూడేళ్లకు.

ప్రభుత్వం జంకినచోట భారతీయ పౌరులు కొందరు ముందుకు వచ్చారు. అంతర్జాతీయ న్యాయవాదుల సంఘం నియమించిన టిబెట్ విచారణ సంఘానికి సుప్రీంకోర్టు న్యాయవాది పురుషోత్తం త్రికమ్‌దాస్ అధ్యక్షత వహించగా, ఆ సంఘం 1960లో వెలువరించిన నివేదిక శరణార్థుల వాంగ్మూలాలను హక్కుల ప్రకటనలోని అధికరణాల వరుసలో కూర్చి చూపింది. జయప్రకాశ్ నారాయణ్ ఆ ఏడాదే ఢిల్లీలో టిబెట్‌పై ఆఫ్రో-ఆసియా మహాసభను జరిపాడు. దలైలామా హక్కుల భాషను నేర్చుకున్నది ఈ న్యాయవాదులు, సర్వోదయవాదుల సాంగత్యంలోనని చెప్పడం ఆయన గొప్పతనాన్ని తగ్గించడం కాదు. విన్న భాషను తన పీఠానికి కూడా వర్తింపజేయడం ఆయన సొంత నిర్ణయం.

ఆ వర్తింపు త్వరగానే మొదలైంది. 1960 సెప్టెంబరు 2న తొలి ప్రజాప్రతినిధుల సభ ప్రమాణ స్వీకారం చేసింది. ఉ-సాంగ్, ఖామ్, ఆమ్డో అనే మూడు ప్రాంతాల నుంచి ముగ్గురు చొప్పున, నాలుగు బౌద్ధ శాఖల నుంచి ఒక్కొక్కరు చొప్పున 13 మంది సభ్యులు. ఆధునిక కాలంలో లాసా ప్రభుత్వం ఈ మూడు ప్రాంతాలను ఎన్నడూ పూర్తిగా కలిపి ఏలలేదు కాబట్టి, టిబెటన్లందరికీ ఒకే ప్రాతినిధ్య సంస్థ అనేది మాతృభూమిలో గాక ప్రవాసంలోనే ఏర్పడింది. 1963 మార్చి 10న ప్రకటించిన రాజ్యాంగ ముసాయిదాలో, ప్రతినిధుల సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో దలైలామా అధికారాలను తొలగించవచ్చుననే నిబంధనను ఆయన పట్టుబట్టి చేర్పించాడు. అవలోకితేశ్వరుడి అవతారంగా, అంటే కరుణకు మూర్తరూపమైన బోధిసత్వుడిగా, తాము కొలిచే గురువును ఓటుతో దింపవచ్చునన్న ఊహనే చాలామంది టిబెటన్లు అపచారంగా భావించి వ్యతిరేకించారు. ప్రవాస ప్రజాస్వామ్యపు విచిత్ర స్వభావమంతా ఈ ఒక్క వివాదంలో కనిపిస్తుంది: ఇతర దేశాల్లో ప్రజలు పోరాడి రాజు నుంచి తీసుకున్నదాన్ని, ఇక్కడ రాజు ఇవ్వజూపితే ప్రజలు చేతులు వెనక్కి తీసుకున్నారు.

అందువల్ల మార్పు నెమ్మదిగా నడిచింది. మంత్రివర్గమైన కషాగ్‌ను దలైలామా నియమించే పద్ధతి 1990లో ముగిసి ఆ బాధ్యత సభకు వెళ్లింది. 1991 జూన్‌లో ఆమోదం పొందిన ప్రవాస టిబెటన్ల శాసనపత్రం సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనకు పరిపాలన కట్టుబడి ఉండాలని నిర్దేశించింది. మరుసటి ఏడాది న్యాయవ్యవస్థ విడిగా ఏర్పడింది. 2001లో మంత్రివర్గ ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకోగా, సామ్‌డాంగ్ రింపోచే అనే భిక్షువు గెలిచాడు. 2011 మార్చి 10న దలైలామా తన రాజకీయాధికారాన్ని పూర్తిగా వదులుకుంటానని ప్రకటించినప్పుడు, మనసు మార్చుకోవలసిందిగా సభ ఆయనను వేడుకుంది, ఆయన ఒప్పుకోలేదు. మే 29న సవరించిన శాసనపత్రంపై ఆయన సంతకం చేయడంతో, 1642 నుంచి పీఠంతో ముడిపడి ఉన్న గాండెన్ ఫొడ్రాంగ్ రాజ్యాధికారం ముగిసింది. ఆగస్టు 8న లోబ్‌సాంగ్ సంగే అనే న్యాయశాస్త్ర విద్వాంసుడు ఎన్నికైన నాయకుడిగా ప్రమాణం చేశాడు. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ప్రవాస సమాజానికి భూభాగమూ లేదు, అంతర్జాతీయ గుర్తింపూ లేదు, కాబట్టి ఇది నీడపై హక్కును వదులుకోవడమేనని విమర్శించేవారు ఉన్నారు. కానీ ఆ సమాజంలో ఆయన మాటకు ఉన్న బరువు నీడ కాదు, దాన్ని చట్టం నుంచి వేరుచేయడం అల్పమైన పనీ కాదు.

అహింస విషయంలో చరిత్ర ఇంత సరళంగా లేదు. 1959లో ఆయనను సరిహద్దు దాకా కాపాడుతూ తెచ్చిన వారిలో ఖామ్‌పా గెరిల్లాల దళమైన ఛుషి గాంగ్‌డ్రుక్ యోధులు ఉన్నారు. ఆ దళానికి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ శిక్షణనూ ఆయుధాలనూ అందించింది. 1960 నుంచి నేపాల్‌లోని ముస్తాంగ్‌లో స్థావరం నడిచింది. 1960వ దశకంలో ఆ సంస్థ టిబెట్ వ్యవహారాలకు ఏడాదికి 17 లక్షల డాలర్లు కేటాయించిందని, అందులో లక్షా 80 వేలు దలైలామా పేరిట ఉన్నాయని 1998లో వెల్లడైన పత్రాలు చూపాయి. ప్రవాస ప్రభుత్వం సొమ్ము అందిన మాటను ఒప్పుకుంది. అమెరికా చైనాతో స్నేహానికి దిగి తోడ్పాటు ఆపేసిన తరువాత, 1974లో నేపాల్ సైన్యం ముస్తాంగ్‌ను చుట్టుముట్టినప్పుడు, ఆయుధాలు అప్పగించమని కోరుతూ దలైలామా రికార్డు చేసి పంపిన సందేశాన్ని విని యోధులు లొంగిపోయారు. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. శాంతిమార్గానికి ఎవరు మూల్యం చెల్లించారో చెప్పే ఈ ఘట్టాన్ని ఆయన జీవితకథలు చాలావరకు రెండు మూడు వాక్యాలలో దాటవేయడం న్యాయం కాదు.

రాజకీయ ప్రతిపాదనల దశ 1987 సెప్టెంబరు 21న అమెరికా కాంగ్రెసు మానవ హక్కుల బృందం ముందు ఆయన ఉంచిన అయిదు అంశాల శాంతి ప్రణాళికతో మొదలైంది. టిబెట్ మొత్తాన్ని సైన్యం లేని అహింసా మండలంగా మార్చడం, చైనీయులను తెచ్చి స్థిరపరిచే విధానాన్ని ఆపడం, మానవ హక్కులను గౌరవించడం, పర్యావరణాన్ని కాపాడడం, చర్చలు ఆరంభించడం అందులోని అంశాలు. మరుసటి ఏడాది జూన్ 15న స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన స్వాతంత్ర్యం బదులు చైనాతో కలిసి ఉంటూ స్వయంప్రతిపత్తి పొందే మార్గాన్ని ప్రతిపాదించాడు. విపరీతాలు రెండింటినీ విడిచే బౌద్ధ మధ్యమ మార్గం పేరే దీనికీ స్థిరపడింది. 1989 మార్చిలో లాసాలో సైనిక శాసనం విధించారు, జూన్‌లో తియానన్మెన్ కాల్పులు జరిగాయి, అక్టోబరులో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. స్వాతంత్ర్యం కోరే టిబెటన్ యువజన కాంగ్రెస్ మధ్యమ మార్గాన్ని ఒప్పుకోకపోయినా గురువును ధిక్కరించలేదు. 2002 నుంచి 2010 వరకు ఆయన దూతలు బీజింగ్ ప్రతినిధులతో తొమ్మిది విడతలు మాట్లాడి ఏ ఫలితమూ లేకుండా తిరిగి వచ్చారు.

శాక్యముని ధర్మంలో ‘హక్కు’ అనే భావనకు నేరుగా సరిపోయేది లేదనే వాదన ఒకటి ఉంది: ధర్మం కర్తవ్యాన్ని చెబుతుంది, హక్కు మరొకరిపై దావా వేస్తుంది. దలైలామా ఈ రెండింటినీ కలిపేందుకు ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ఏదీ తనంతట తాను నిలవక కారణాలనూ ఇతరాలనూ ఆధారం చేసుకొని ఉంటుందనే సిద్ధాంతాన్ని, ముందుకు తెచ్చాడు. పరస్పరం ఆధారపడిన లోకంలో ఒకరి బాధ అందరి బాధ్యత అవుతుంది కాబట్టి, దుఃఖం వద్దనుకోవడం అందరికీ సమానమైనప్పుడు దానినుంచి రక్షణ కూడా సమానంగా ఉండాలన్నది ఆయన తర్కం. దానికి మూలపురుషుడిగా ఆయన పదేపదే స్మరించేది ఆచార్య నాగార్జునుణ్ణి. ఈ ధర్మానికి తెలుగు నేలతోనూ ముడి ఉంది: శంభల రాజు సుచంద్రుడికి బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటక స్తూపం వద్ద బోధించాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది గనుక, 2006 జనవరిలో ఆ స్తూపమున్న అమరావతిలో ఆయన జరిపిన కాలచక్ర దీక్షకు లక్షకు మించి జనం రావడంలో వింత లేదు. తెలుగువారు పురావస్తువుగా మాత్రమే చూస్తూ వచ్చిన శిథిల స్తూపం ఆ పన్నెండు రోజులు మళ్లీ సజీవ క్షేత్రమైంది.

హక్కులు అందరికీ సమానమన్న ఆయన తర్కానికి పరీక్ష 1993 జూన్‌లో వియన్నాలో జరిగిన ప్రపంచ మానవ హక్కుల మహాసభలో ఎదురైంది. అంతకు రెండు నెలల ముందు ఆసియా ప్రభుత్వాలు బ్యాంకాక్ ప్రకటనలో, హక్కులను దేశ, ప్రాంత విశేషాల వెలుగులో చూడాలని వాదించాయి. చైనా అభ్యంతరం వల్ల మహాసభ భవనంలో మాట్లాడే అవకాశం దక్కని దలైలామా బయట వేసిన గుడారంలో ప్రసంగించి, స్వేచ్ఛ, గౌరవం కోరుకోవడం ఆసియా సంస్కృతికి పరాయిదనే వాదాన్ని తోసిపుచ్చాడు. పాశ్చాత్యులు అన్న మాట ఆసియా ప్రభుత్వాలకు పట్టకపోవచ్చు. ఆసియా సంప్రదాయంలోనే పుట్టి పెరిగిన భిక్షువు ఆ మాట అనడం వారికి ఇబ్బందికరమైంది.

ఆయన సొంత శాఖలోని కొన్ని విషయాల్లో ఈ ప్రమాణాన్ని విమర్శకులు ఆయనపైనే ప్రయోగించారు. దోర్జే షుగ్డెన్ అనే రక్షక దేవత ఆరాధన మతకలహానికి దారితీస్తున్నదని 1996లో ఆయన గట్టిగా నిరుత్సాహపరచగా, ఆ ఆరాధకులు తమ మతస్వేచ్ఛకు భంగం కలిగిందని విదేశాల్లో ఆయన సభల ముందు నిరసనలు చేశారు. రాజ్యాధికారమూ మతాధికారమూ ఒకే చేతిలో ఉన్న కాలంలో గురువు సలహా ఆజ్ఞ కాదని నిరూపించడం కష్టమే. మహిళల విషయంలో ఆచరణ మెరుగ్గా ఉంది: బౌద్ధ తత్వశాస్త్రంలో అత్యున్నతమైన గెషే పట్టాకు సమానమైన గెషెమా పట్టాను 2016 డిసెంబరులో కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో 20 మంది భిక్షుణులకు తొలిసారి ప్రదానం చేశారు. బౌద్ధులు అధికంగా ఉన్న మయన్మార్ నుంచి సైన్యం రోహింగ్యాలను తరిమిన 2017లో, బుద్ధుడు ఉంటే ఆ పేద ముస్లింల పక్షాన నిలిచేవాడని ఆయన అన్నాడు. 2009 నుంచి టిబెట్ లోపల 150 మందికి పైగా ఆత్మాహుతి చేసుకున్నప్పుడు మాత్రం ఆయన వారి చర్యను ప్రోత్సహించకుండా, ఖండించనూ లేకుండా మధ్యలో నిలిచాడు. ఆ మౌనం రెండు వైపులా విమర్శలు తెచ్చింది.

ఇక మిగిలింది వారసత్వం. గెలుగ్ శాఖలో దలైలామా తరువాతి స్థానపు గురువైన పంచెన్ లామా అవతారంగా ఆయన 1995 మే 14న గుర్తించిన ఆరేళ్ల గెధున్ ఛోక్యి న్యిమాను మూడు రోజులకే చైనా అధికారులు కుటుంబంతో సహా తీసుకుపోగా, ఆ తరువాత అతడు బయటి లోకానికి కనిపించలేదు. ఆ ఏడాది చివర ప్రభుత్వం మరో బాలుణ్ణి ఆ పీఠంపై నిలిపింది. 2007లో చైనా మత వ్యవహారాల శాఖ అవతార లామాల గుర్తింపుకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది, 1793లో చింగ్ చక్రవర్తి ప్రవేశపెట్టిన బంగారు కలశంలో చీటీలు తీసే పద్ధతిని దానికి పూర్వాధారంగా చూపుతోంది. 2025 జూలై 2న, తన 90వ జన్మదినానికి నాలుగు రోజుల ముందు, దలైలామా సంస్థ కొనసాగుతుందనీ, తదుపరి అవతారాన్ని గుర్తించే అధికారం పాత ప్రభుత్వపు పేరునే పెట్టుకున్న గాండెన్ ఫొడ్రాంగ్ ట్రస్టుకే ఉంటుందనీ ఆయన ప్రకటించగా, బీజింగ్ వెంటనే తిరస్కరించింది. నాస్తిక కమ్యూనిస్టు పార్టీ పునర్జన్మను ధ్రువీకరించే అధికారం కోసం పట్టుబట్టడంలోని విడ్డూరాన్ని ఆయన పలుమార్లు ఎత్తిచూపాడు. రేపు బీజింగ్ ఒక శిశువునూ, ట్రస్టు మరొక శిశువునూ ప్రకటించే అవకాశం లేకపోలేదు. అయితే ఒకప్పుడు ప్రతి మరణం తరువాత వచ్చిన ఇరవై ఏళ్ల రాజప్రతినిధి పాలనకు 2011 శాసనపత్రంలో తావు లేదు. శిశువు ఎవరైనా, ఎక్కడ పుట్టినా, ప్రవాస ప్రభుత్వ కేంద్రమైన ధర్మశాలలో పరిపాలన నడిపేది ప్రతి అయిదేళ్లకూ ఓటుతో మారే సభ్యులూ నాయకుడూ మాత్రమే.